కొండదారికి మచ్చికైన ద్విఘాత యంత్రము

రాళ్లతో నిండిన వాగును దాటుచున్న ఎడ్లబండిని చూచినవారికి ఒక సంగతి తెలియును. ఎద్దులకు ఎంత బలమున్నను, అవి ఒక్కసారిగా ముందుకు దూకినచో చక్రము రాతికి కొట్టుకొని బండి ఒరుగును. లేదా కాడి విరుగును. అనుభవముగల బండివాడు పగ్గములు బిగపట్టి, తొందరలేని, ఎడతెగని లాగుడుతో బండిని ఒడ్డెక్కించును. బలము ఎంత కలదు అనునది ఒక ప్రశ్న. ఆ బలము ఏ తీరున అందుచున్నది అనునది మరియొక ప్రశ్న.

మోటారు సైకిలు చరిత్రలో ఈ రెండు ప్రశ్నల నడుమ దీర్ఘకాలము పోరు సాగినది. పందెపు బాటపై గెలుపొందిన ఇంజనే కొండదారిలో రౌతును పడద్రోసెను. దానిని మచ్చిక చేయుటకు ఇంజనీర్లు కవాటములు, గొట్టములు, చక్రములు ఎన్నింటినో మార్చి చూచిరి. ద్విఘాత యంత్రము, అనగా టూ-స్ట్రోక్ ఇంజను, కొండదారికి లొంగిన కథ ఇది. ఈ కథలో భౌతికశాస్త్ర పాఠములు పెక్కు ఇమిడియున్నవి.

రెండే ఘాతములు ఎందులకు?

1876లో జర్మనీ దేశీయుడైన నికొలస్ ఆటో నాలుగు ఘాతముల ఇంజనును సిద్ధపరచెను. అందు పిస్టను నాలుగుసార్లు కదలినగాని, అనగా క్రాంకు రెండు చుట్లు తిరిగినగాని, ఒక్క పేలుడు కలుగదు. ప్రతి చుట్టునకును ఒక పేలుడు కలిగినచో అదే పరిమాణముగల ఇంజను నుండి ఎక్కువ శక్తి రావలెను కదా! ఈ ఆలోచనతో స్కాట్లండు వాడైన డుగాల్డ్ క్లార్క్ 1881లో రెండు ఘాతముల ఇంజనుకు పేటెంటు పొందెను. క్రొత్త మిశ్రమమును సిలిండరులోనికి నెట్టుటకు అతడు వేరొక పంపు సిలిండరును వాడెను. యంత్రము పనిచేసెనుగాని దాని నిర్మాణము బరువైనది.

1891లో ఇంగ్లండులోని బాత్ పట్టణమునకు చెందిన జోసెఫ్ డే ఈ పంపు అక్కరలేకుండ చేసెను. పిస్టను క్రిందనున్న క్రాంకు గదినే అతడు పంపుగా వాడుకొనెను. పిస్టను పైకి పోవునపుడు ఆ గదిలో ఒత్తిడి తగ్గి గాలియు ఇంధనమును కలిసిన మిశ్రమము లోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునపుడు ఆ మిశ్రమము నొక్కబడి సిలిండరులోనికి ఎగబ్రాకును. డే మొదటి నమూనాలో మిశ్రమము వెనుకకు పోకుండ రెక్కవంటి కవాటములుండెను. మరుసటి సంవత్సరము అతని పనివారిలో ఒకడైన ఫ్రెడరిక్ కాక్ ఆ రెక్కలను కూడ తొలగించెను. సిలిండరు గోడలో ద్వారములు కోసి, వాటిని మూయుటయు తెరచుటయు పిస్టను ప్రక్కభాగమునకే అప్పగించెను. ఇట్లు కదలెడి భాగములు మూడే మిగిలినవి: పిస్టను, దాని కడ్డీ, క్రాంకు. ఇంతకన్న సరళమైన ఇంజను ఊహించుట కష్టము. ఐతే కాక్ తొలగించిన ఆ రెక్కను పాఠకులు మరువరాదు. సుమారు ఎనుబది సంవత్సరముల తరువాత అది మరల వచ్చును.

ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతమున ఆల్‌ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ అను ఇంజనీరు 1908 నుండి ద్విఘాత మోటారు సైకిళ్లను నిర్మింపసాగెను. అవి 1912, 1913 సంవత్సరములలో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున జరిగిన సీనియర్ టీటీ పందెములను వరుసగా గెలిచినవి. 1914లో స్కాట్ తన కర్మాగారపు పనివారికి ఒక పరీక్ష పెట్టెను. షిప్లీ నుండి బయలుదేరి కొండలు, వాగులు, బురదనేలలు దాటి బర్న్‌సాల్ అను పల్లెను చేరవలెను. స్కాట్ ట్రయల్ అను పేర ప్రసిద్ధమైన పోటీకి అదే ఆరంభము. ద్విఘాత యంత్రమునకును కొండదారికిని చెలిమి అంత పాతది.

తరంగమును పట్టిన ఇంజనీరు

ద్విఘాత యంత్రమునకు పుట్టుకతో వచ్చిన లోపము ఒకటి కలదు. కాలిన వాయువులు బయటికి పోవుటయు, క్రొత్త మిశ్రమము లోనికి వచ్చుటయు దాదాపు ఏకకాలమున జరుగవలెను. రెండు ద్వారములును తెరచియుండుటచే క్రొత్త మిశ్రమములో కొంత కాలకుండనే బయటికి జారిపోవును. మొదట దీనిని ఆపుటకు పిస్టను తలపై గట్టువంటి ఎత్తును పెట్టిరి. అది బరువెక్కి, వేడెక్కి పిస్టనును చెరచుచుండెను. 1920 దశకమున జర్మనీలో అడాల్ఫ్ ష్న్యూర్లె మంచి ఉపాయము కనుగొనెను. బదిలీ ద్వారములను వాలుగా కోసి, మిశ్రమము నిర్గమ ద్వారమునకు ఎదుటి గోడవైపు పోయి, పైకి లేచి, చుట్టు తిరిగి వచ్చునట్లు చేసెను. అందుచే పిస్టను తలను చదునుగా ఉంచుటకు వీలయ్యెను. జర్మనీలోని షోపావ్ పట్టణమున వెలసిన డీకేడబ్ల్యూ సంస్థ 1930 దశకమున ఈ పద్ధతిని తన మోటారు సైకిళ్లలో ప్రవేశపెట్టెను.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత షోపావ్ తూర్పు జర్మనీ పాలయ్యెను. ఆ కర్మాగారము తరువాత ఎమ్‌జెడ్ అను పేరు వహించెను. దాని పందెపు విభాగమును 1950 దశకమున నడిపినవాడు వాల్టర్ కాడెన్. ధనము తక్కువ, పరికరములు తక్కువ. ఐనను అతడు ద్విఘాత యంత్రములోని రహస్యమును పట్టుకొనెను. అది ఇంజనులో కాక, దాని వెనుకనున్న గొట్టములో కలదు.

నిర్గమ ద్వారము తెరచుకొనగనే ఒత్తిడి తరంగమొకటి గొట్టములో పరుగెత్తును. గొట్టము క్రమముగా వెడల్పగుచున్నచో ఆ తరంగములో కొంత భాగము పీల్చు తరంగమై వెనుకకు వచ్చి, సిలిండరులోని పాత వాయువును లాగివేయును. గొట్టము చివర మరల సన్నగిల్లినచో మిగిలిన తరంగము నెట్టు తరంగమై తిరిగివచ్చి, బయటికి జారిన క్రొత్త మిశ్రమమును ద్వారము మూసుకొనక ముందే లోనికి నెట్టివేయును. నడుమ లావై, రెండు కొసలను సన్నగానున్న ఆ గొట్టమునకు విస్తరణ గది అని పేరు.

అంతయు కాలమునకు సరిపోవుటలోనే ఉన్నది. విద్యార్థులు ఈ చిన్న లెక్కను చేసి చూడవచ్చును. ఇంజను నిమిషమునకు 9,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. అనగా సెకనుకు 150 చుట్లు. ఒక చుట్టులోని 360 డిగ్రీలలో నిర్గమ ద్వారము 190 డిగ్రీలపాటు తెరచియున్నచో, అది తెరచియుండు కాలము 0.0035 సెకను. వేడి వాయువులో ధ్వనితరంగము సుమారు సెకనుకు 500 మీటర్ల వేగముతో పోవుననుకొనినచో, ఆ కాలములో అది 1.76 మీటర్లు ప్రయాణించును. పోయి మరలి రావలెను కావున తరంగమును త్రిప్పి పంపు కొస సుమారు 88 సెంటీమీటర్ల దూరమున నుండవలెను.

ఇప్పుడు అదే ఇంజను 4,500 చుట్లకు తగ్గినచో ఏమగును? ద్వారము తెరచియుండు కాలము రెట్టింపై 0.007 సెకను అగును. తరంగము మాత్రము మునుపటి వలెనే 0.0035 సెకనులో తిరిగివచ్చును. అనగా పిస్టను అడుగున ఉండి, బదిలీ ద్వారములు పూర్తిగా తెరచియున్న సమయమున వచ్చి, లోనికి వచ్చుచున్న మిశ్రమమునకే అడ్డుతగులును. ఉయ్యాలను సరియైన క్షణమున తోసినచో అది ఎత్తుకు పోవును; ఎదురు వచ్చునపుడు తోసినచో ఆగిపోవును. ఇదియును అట్టిదే.

1961 నాటికి కాడెన్ 125 సి.సి. ఇంజను నుండి 25 అశ్వశక్తి రాబట్టెను. అనగా లీటరు పరిమాణమునకు 200 అశ్వశక్తి. గాలిని బలవంతముగా ఎక్కించు పంపు లేని ఇంజనులలో అంతకు ముందు ఏదియు ఈ మట్టమును చేరలేదు. ఆ సంవత్సరము ఆగస్టులో బెర్లిను గోడ లేచెను. సెప్టెంబరులో స్వీడనులో జరిగిన పందెము తరువాత కాడెన్ జట్టులోని ప్రముఖ రౌతు ఎర్న్స్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీని విడిచి పారిపోయెను. అతనితోపాటు షోపావ్‌లో పండిన విజ్ఞానమును జపానుదేశపు సుజుకి సంస్థకు చేరినది. 1962లో డెగ్నర్ సుజుకి వాహనముపై 50 సి.సి. ప్రపంచ విజేత అయ్యెను. కాడెన్ మాత్రము షోపావ్‌లోనే ఉండిపోయెను. ప్రపంచమునకు దారి చూపినవానికి ప్రపంచ విజేత బిరుదు దక్కలేదు.

బలమే భారమైనప్పుడు

పందెపు బాటపై రౌతు గేర్లు మార్చుచు ఇంజనును ఎల్లప్పుడు ఉన్నత వేగమునందే ఉంచగలడు. కొండదారిలో అట్లు వీలుకాదు. ఒక మలుపులో నడకవేగమునకు తగ్గవలెను. ఆ వెంటనే తడిరాతిపైకి ఎక్కవలెను. తరంగము అనుకూలించని వేగములో ఇంజను నీరసముగా నుండును. రౌతు పిడిని మరికొంత త్రిప్పును. వేగము పెరిగి తరంగము సరియైన కాలమునకు రాగానే శక్తి ఒక్కుమ్మడిగా విరుచుకుపడును. వెనుకచక్రము పట్టు తప్పి గిరగిర తిరుగును. బండి ప్రక్కకు జారును. కాగితముపై గొప్పగా కనిపించు అశ్వశక్తి లోయ అంచున అపాయమగును.

ఇచ్చట రెండు మాటలకు భేదము తెలియవలెను. తిప్పుబలము, అనగా టార్కు, క్రాంకును త్రిప్పు గుంజుడు. శక్తి అనగా ఆ గుంజుడును, తిరుగు వేగమును గుణించగా వచ్చునది. పందెమునకు కావలసినది గరిష్ఠ శక్తి. కొండదారికి కావలసినది తక్కువ వేగమునుండి ఎక్కువ వేగమువరకు ఎగుడుదిగుడులు లేకుండ సాగు తిప్పుబలము.

ఈ సత్యమును లోకమునకు చూపినవారిలో ఉత్తర ఐర్లండు వాడైన శామీ మిల్లర్ ముఖ్యుడు. ట్రయల్స్ అను పోటీలలో వేగమునకు ప్రాధాన్యము లేదు. రాళ్లమీదుగా, బురదలో కాలు నేల మోపకుండ పోవలెను; మోపినచో మార్కులు పోవును. మిల్లర్ చాలకాలము ఏరియల్ సంస్థవారి 500 సి.సి. నాలుగు ఘాతముల వాహనముపై విజయములు పొందెను. 1964లో అతడు స్పెయిను దేశపు బుల్టాకో సంస్థతో కలిసి పనిచేసెను. ద్విఘాత ఇంజనుతో షెర్పా-టీ అను తేలికైన బండి సిద్ధమయ్యెను. దాని పరిమాణము 244 సి.సి.; అనగా ఏరియల్ ఇంజనులో ఇంచుమించు సగమే. దానిని గరిష్ఠ శక్తికై కాక, అడుగు వేగములలో మెత్తగా లాగుటకై తీర్చిరి. 1965లో మిల్లర్ దానిపై స్కాట్లండులోని ఆరుదినముల ట్రయల్‌ను గెలిచెను. బరువైన బ్రిటిషు వాహనముల శకము అంతటితో ముగియసాగెను.

అమెరికాలో అడవిదారుల విహారము వ్యాపించుచుండగా, యమహా సంస్థ 1968లో డీటీ-1 అను 250 సి.సి. ద్విఘాత వాహనమును అమ్మకమునకు పెట్టెను. ఇది అడవిదారికిని, ఊరి రోడ్డుకును పనికివచ్చునది. పందెములలో పాల్గొనగోరువారికై సిలిండరు, దాని మూత, పిస్టను, విస్తరణ గది మొదలగు భాగములను ఒక కట్టగా విడిగా అమ్మిరి. ఆ భాగములు మార్చినచో సౌమ్యమైన బండి పందెపు గుర్రమగును. తీసివేసినచో మరల సాధువగును. ఇంజను స్వభావము దాని పరిమాణములో కాక, ద్వారముల ఎత్తులోను, గొట్టము ఆకారములోను ఉన్నదని సామాన్య జనులకు కూడ తెలిసివచ్చెను.

భారతదేశమునను ఇట్టి నిదర్శన మొకటి కలదు. 1983 నుండి కొన్ని సంవత్సరములు ఎస్కార్ట్స్ సంస్థ యమహా రూపకల్పనపై నిర్మించిన రాజ్‌దూత్ 350 రెండు రకములుగా వచ్చెను: హై టార్కు, లో టార్కు. ఇంజను ఒక్కటే, పెట్రోలు పొదుపుకై రెండవదాని శక్తిని తగ్గించిరి.

రెక్క తిరిగి వచ్చుట

కాక్ కనుగొన్న మూడు ద్వారముల ఏర్పాటులో ఒక చిక్కు ఉండెను. ప్రవేశ ద్వారమును పిస్టనే మూయుచు తెరచుచుండును కావున, పిస్టను పైకొసను చేరుటకు ముందు ఎన్ని డిగ్రీలు తెరచియుండునో, చేరిన తరువాతను అన్ని డిగ్రీలు తెరచియుండును. అధికవేగమున మిశ్రమము తన ఊపుతో లోనికి వచ్చుచునే యుండును, నష్టము లేదు. తక్కువ వేగమున దిగుచున్న పిస్టను మిశ్రమమును కార్బ్యురేటరు వైపు వెనుకకు కక్కించును. ఇంజను తడబడును. కొండదారిలో తరచు అవసరమగునది ఆ తక్కువ వేగమే.

దీనికి మందు కొలిమితిత్తిలోను, హార్మోనియములోను ఉండు చిన్న రెక్క. గాలిని లోనికి రానిచ్చును, వెనుకకు పోనీయదు. పడవల ఇంజనులలో ఇట్టి రీడు కవాటములు అంతకుముందే వాడుకలో ఉండెను. 1972లో యమహా సంస్థ తన అడవిదారి బండ్లలో వీటిని విరివిగా ప్రవేశపెట్టెను. పలుచని రేకులు క్రాంకు గదిలోని ఒత్తిడి తగ్గినపుడు వంగి తెరచుకొనును. పెరిగినపుడు తమంతట తామే మూసుకొనును. 1892లో అక్కరలేదని తొలగింపబడిన రెక్క ఇట్లు తిరిగి వచ్చి అడుగు వేగముల బలమును నిలిపెను. రేకు పలుచనైనచో అడుగు వేగమున త్వరగా స్పందించును; మందమైనచో అధికవేగమున అదరకుండ నిలుచును. రౌతులు తమ దారికి తగిన రేకులను ఎంచుకొనుట అప్పటినుండి వాడుకైనది.

తరువాతి అడుగు నిర్గమ ద్వారమునకే కవాటము పెట్టుట. 1970 దశకము చివర యమహా పందెపు ఇంజనులలో దీనిని వాడెను; 1980 దశకమున అనేక సంస్థలు తమ తమ పద్ధతులలో అనుసరించెను. ద్వారపు పై అంచును తక్కువ వేగమున క్రిందికి దించి, అధికవేగమున పైకి లేపుటయే దీని పని. మునుపటి లెక్కనే మరల చూడుడు. ద్వారము తెరచియుండు కోణము 190 నుండి 165 డిగ్రీలకు తగ్గినచో, అదే గొట్టములోని అదే తరంగము 9,000 చుట్లకు కాక సుమారు 7,800 చుట్లకే సరిపోవును. అంతేకాక, వాయువు పిస్టనును నెట్టు దూరమును పెరుగును. ఒకే ఇంజను రెండు ఇంజనులవలె పనిచేయును. కొన్ని ఇంజనులలో ఈ కవాటమును తిరుగుడు గుండ్లు లేపును, స్ప్రింగు ఆపును. స్ప్రింగును బిగించినచో కవాటము ఆలస్యముగా లేచును. వదులు చేసినచో త్వరగా లేచును. ఆస్ట్రియా దేశపు కేటీఎమ్ సంస్థ తన వాహనములతో వేరువేరు గట్టిదనముగల స్ప్రింగులను ఇచ్చి, ఎంపికను రౌతుకే విడిచెను.

ఇంజను వెలుపలి ఉపాయములు

శక్తిని పెంచకయే దానిని మెత్తగా అందించు ఉపాయములును కలవు. వానిలో ప్రాచీనమైనది ఫ్లైవీలును బరువు చేయుట. కుమ్మరిసారె బరువుగానుండుట ఎందులకో ఎరిగినవారికి ఇది వివరింపనక్కరలేదు. 300 గ్రాముల ఉక్కువలయమును ఇరుసునుండి 5 సెంటీమీటర్ల దూరమున బిగించినచో, నిమిషమునకు 3,000 చుట్ల వద్ద అది సుమారు 37 జౌళ్ల శక్తిని దాచుకొనును. రౌతుతో కలిసి 180 కిలోగ్రాములుండు బండిని రెండు సెంటీమీటర్ల ఎత్తు లేపుటకు అది చాలును. ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని ముందుచక్రము రాతికి తగిలి ఇంజను ఆగిపోబోవు క్షణమున ఆ స్వల్పమే కాపాడును. బరువైన ఫ్లైవీలు త్వరగా వేగము పుంజుకొనదు. కావున చక్రము హఠాత్తుగా జారుటయు తగ్గును.

గొలుసుచక్రమును మార్చుట మరియొకటి. ముందుచక్రమునకు 14 పండ్లకు బదులు 13 పండ్లున్నచో వెనుకచక్రమును త్రిప్పు బలము సుమారు 8 వంతులు నూటికి పెరుగును. వేగము 7 వంతులు తగ్గును. అశ్వశక్తి మాత్రము మారదు. ప్రకృతి ఉచితముగా ఏదియు ఇయ్యదు.

మూడవది నిప్పురవ్వ వేళ. రవ్వను కొంచెము ఆలస్యము చేసినచో పేలుడు మెత్తబడును. ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చిన తరువాత ఒక మీటను నొక్కి, తడినేలకు ఒక తీరు, పొడినేలకు ఒక తీరు ఎంచుకొనుట సాధ్యమయ్యెను.

నాలుగవది మిశ్రమపు పాళ్లు. ఇచ్చట జాగ్రత్త మిక్కిలి అవసరము. ద్విఘాత ఇంజనులో నూనె సామాన్యముగా పెట్రోలుతోనే లోనికి పోవును. పెట్రోలు ఆవిరియగుచు పిస్టనును చల్లబరచును. పెట్రోలు పాలు మితిమీరి తగ్గించినచో ఇంజను చురుకుగా నున్నట్లు తోచును. తరువాత పిస్టను వేడెక్కి సిలిండరును పట్టివేయును. కొండ ఎక్కినకొలది గాలి పలుచనగును కావున పెట్రోలు పాలు దానంతటదే ఎక్కువై ఇంజను మందగించును. లోయలో సరిచేసిన కార్బ్యురేటరు శిఖరమున సరిపోకపోవుటకు ఇదియే కారణము.

పొగ, పరిష్కారము

ఇన్ని మెరుగులు దిద్దినను పుట్టుకతో వచ్చిన లోపము పూర్తిగా పోలేదు. కాలని పెట్రోలు బయటికి జారుటయు, నూనెపొగయు గాలిని చెరచినవి. దేశదేశములలో ఉద్గార నియమములు కఠినమైనకొలది రోడ్లపైనుండి ద్విఘాత వాహనములు తొలగిపోయినవి. తెలుగునాట పల్లెదారులలో ఒకప్పుడు ప్రతిధ్వనించిన రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్ఎక్స్-100 బండ్ల చప్పుడు ఇట్లే తగ్గిపోయెను.

కొండదారిలో మాత్రము ద్విఘాత యంత్రము నిలిచెను. పడిన బండిని ఒక్కడే లేపుకొనవలసిన చోట తేలికదనమునకు సాటిలేదు. 2017లో కేటీఎమ్ సంస్థ బదిలీ ద్వారములలోనికి పెట్రోలును చిమ్ము పద్ధతిని అడవిదారి వాహనములకు ప్రకటించెను. గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను కొలిచి, తగినంత పెట్రోలును మాత్రమే కంప్యూటరు చిమ్మించును. కార్బ్యురేటరు లోయలో ఒక తీరు, శిఖరమున ఒక తీరు మొరాయించు బాధ దీనిచే తగ్గెను.

క్లార్క్ పేటెంటు నాటినుండి లెక్కించినచో ఈ కథ వయస్సు నూటనలుబది సంవత్సరములు దాటినది. అందు సగము కాలము ఇంజనీర్లు శక్తిని పెంచుటకు శ్రమించిరి. మిగిలిన సగము దానిని అదుపులో పెట్టుటకు శ్రమించిరి. రెండవ పని మొదటిదానికన్న తేలికైనది కాలేదు. పాఠశాలలో గొట్టమునందలి ధ్వనితరంగముల అనునాదమును బోధించు ఉపాధ్యాయుడు, దానితోపాటు ఈ ఇంజనును కూడ జ్ఞాపకము చేసినచో, గొట్టపు పొడవును వేళను కలిపిన ఆ సూత్రమే ఒక రౌతును లోయ అంచున నిలబెట్టుచున్నదని విద్యార్థి గ్రహించును. బండివాని పగ్గములలో ఉన్న నేర్పును ఉక్కుతోను, గాలితోను సాధించుటయే ఈ చరిత్ర సారాంశము.